మీ ఇల్లు, మన ఇల్లు: ఫోస్టర్ కేర్‌లో పెరిగే పిల్లలకు ఏం దొరుకుతుంది, ఏం దొరకదు

తెలుగులో ‘మా’ వేరు, ‘మన’ వేరు. ఇంటికొచ్చిన పిల్లాడితో ‘మా ఇల్లు చూశావా’ అంటే వాడు చుట్టం. ‘మన ఇంటికి పోదాం పద’ అంటే వాడు ఇంట్లోవాడు. కన్నవాళ్ల దగ్గర పెరగని పిల్లలు ఈ తేడాను మనందరికన్నా ముందే కనిపెడతారు. తమను పెంచుతున్న ఇంటి గురించి బళ్లో చెప్పాల్సి వస్తే ‘మా ఇల్లు’ అనాలో ‘వాళ్లిల్లు’ అనాలో తేల్చుకోలేక ‘నేనుండే ఇల్లు’ అని సరిపెట్టుకున్న పిల్లల్ని నేను చూశాను.

2025 జూన్‌లో పిల్లల చదువుకని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తల్లులకు ఇచ్చే ‘తల్లికి వందనం’ డబ్బులు ఖాతాల్లో పడినప్పుడు పిల్లలు ఒకరినొకరు అడుక్కున్న మాట, ‘మీ అమ్మకి పడ్డాయా?’ అడిగిన పిల్లల తప్పేమీ లేదు. ఆ మాటకు జవాబు లేని పిల్ల కూడా అదే బెంచీలో కూర్చుని ఉండొచ్చని ఎవరికీ తట్టదు, అంతే.

ఈ పిల్లల గురించి ఈమధ్య మాటలు ఎక్కువగానే వినిపిస్తున్నాయి. ఫోస్టర్ కేర్ మీద, అంటే పిల్లల్ని కొంతకాలం ఒక కుటుంబానికి అప్పగించి పెంచే ఏర్పాటు మీద, కేంద్రం 2024లో కొత్త మార్గదర్శకాలు ఇచ్చింది. మరోపక్క విజయవాడలో పసిపిల్లల్ని అమ్మే ముఠాలు పట్టుబడ్డ వార్తలు వచ్చాయి. రెండూ జనం నోట్లో కలిసిపోయాయి. ‘పెళ్లి కానివాళ్లు కూడా పిల్లల్ని తెచ్చుకోవచ్చటగా’, ‘రెండేళ్లు పెంచితే చాలట, మన పిల్లలైపోతారట’ అని బెంజ్ సర్కిల్ దగ్గర టీ కొట్టులో కూడా విన్నాను. ఇందులో సగం నిజం. మిగతా సగం వల్ల పిల్లలకు నిజంగా హాని జరుగుతుంది. అందుకని మొదటినుంచీ వద్దాం.

పెంపకం, దత్తత, ఫోస్టర్ కేర్: ఎక్కడ కలుస్తాయి, ఎక్కడ విడిపోతాయి

పెంపకం మన ఇళ్లలో ఎప్పట్నుంచో ఉంది. తల్లి పోతే అమ్మమ్మ దగ్గర, తండ్రి పోతే మేనమామ దగ్గర, ఊళ్లో హైస్కూలు లేకపోతే గుంటూరులో పిన్ని దగ్గర పిల్లలు పెరిగేవాళ్లు, ఇప్పటికీ పెరుగుతున్నారు. కాగితం ఉండదు, ఎవరూ వచ్చి చూసి వెళ్లరు. బాగా జరిగితే కన్నవాళ్లను మించి చూస్తారు. జరగకపోతే ఆ పిల్ల జీతం లేని పనిమనిషి అవుతుంది. బయటివాళ్లకు తెలిసే దారి కూడా ఉండదు.

దత్తత అంటే పిల్లాడు చట్టప్రకారం కొత్త తల్లిదండ్రులకు పుట్టిన బిడ్డతో సమానం కావడం. ఇంటిపేరు వస్తుంది, ఆస్తిలో హక్కు వస్తుంది. మన దగ్గర దీనికి రెండు చట్టాలున్నాయి. 1956 నాటి హిందూ దత్తత చట్టం కింద కన్నవాళ్లు తమ బిడ్డను ఇంకొకరికి ఇవ్వొచ్చు. మామూలుగా ఇది బంధువుల మధ్య జరుగుతుంది. బిడ్డకు 15 ఏళ్లు నిండకూడదు, ఇచ్చినందుకు డబ్బు పుచ్చుకోకూడదు. దత్తహోమం చేసి తీరాలన్న నియమం ఆ చట్టంలో లేదు. అనాథలు, వదిలేసిన పిల్లలు, తల్లిదండ్రులు ప్రభుత్వానికి అప్పగించిన పిల్లలు అయితే 2015 నాటి బాల న్యాయ చట్టం కిందకు వస్తారు. ఏ మతం వాళ్లయినా బాల న్యాయ చట్టం కింద దత్తత తీసుకోవచ్చని, దీనికి ముందున్న 2000 నాటి చట్టం అమల్లో ఉండగానే, సుప్రీంకోర్టు 2014లో చెప్పింది. ఈ దారిలో కారా అనే కేంద్ర సంస్థ వెబ్‌సైట్‌లో పేరు నమోదు చేసుకోవాలి. 2022 సెప్టెంబరు నుంచి దత్తత ఉత్తర్వు కోర్టు బదులు జిల్లా కలెక్టరు ఇస్తున్నారు.

ఫోస్టర్ కేర్ ఈ రెండింటికీ మధ్యలో ఉంటుంది. పిల్లను కొంతకాలం ఒక కుటుంబంలో పెంచమని ప్రభుత్వ కమిటీ అప్పగిస్తుంది. ఆ కుటుంబాన్ని ముందే పరిశీలించి ఎంపిక చేస్తారు, తర్వాత కూడా వచ్చి చూస్తుంటారు. పిల్ల మీద కన్నవాళ్ల హక్కు తెగిపోదు. ఇంటిపేరు మారదు, ఆస్తి హక్కు రాదు. కమిటీ తలచుకుంటే పిల్లను కన్నవాళ్ల దగ్గరికి పంపుతుంది, లేదా ఇంకో చోటికి మారుస్తుంది. పెంపకంలా గాలివాటం వ్యవహారం కాదు గానీ, దత్తతకు ఉన్నంత గట్టి ముడీ కాదు.

మాటల దగ్గర ఇంకో చిక్కుంది. దత్తతకు ఎంపికైన బిడ్డను, ఉత్తర్వు వచ్చేదాకా కొత్త తల్లిదండ్రుల దగ్గరే ఉంచుతారు. ఆ కొద్ది కాలాన్ని కూడా ‘దత్తత ముందు ఫోస్టర్ కేర్’ అనే పిలుస్తారు. ఎవరైనా ‘మేం ఫోస్టర్ కేర్‌లో పాపను తెచ్చుకున్నాం’ అంటే ఇందులో ఏదో కనుక్కోవాల్సిందే.

ఇక, ఆస్పత్రిలో ఎవరో వదిలేసిన బిడ్డ ఉందని చెప్పి, డబ్బు తీసుకుని, స్టాంపు కాగితం మీద నోటరీ చేయించి చేతిలో పెడితే అది వీటిలో ఏదీ కాదు. అది అమ్మకం. కొన్నవాళ్లకూ అమ్మినవాళ్లకూ ఐదేళ్ల దాకా కఠిన కారాగారం, లక్ష రూపాయల జరిమానా ఉన్నాయి. బిడ్డ ఆస్పత్రి సిబ్బంది చేతిలో ఉండగా వాళ్లే ఆ పని చేస్తే శిక్ష మూడు నుంచి ఏడేళ్లు. 2024 మే నెలలో హైదరాబాద్ శివార్లలో ఇలా కొన్న పిల్లల్ని పోలీసులు వెనక్కి తీసుకుంటుంటే పెంచుకున్న తల్లులు ఏడ్చిన ఏడుపు టీవీల్లో చూశాం. వాళ్లను తప్పు పట్టినవాళ్లున్నారు, జాలిపడినవాళ్లున్నారు. నాకు మాత్రం ఆ చంటిపిల్లలే గుర్తొస్తారు. ఇంకా మాటలు కూడా రాని వయసులో వాళ్లు రెండోసారి ఇల్లు పోగొట్టుకున్నారు.

నిర్ణయం ఎవరి చేతిలో ఉంటుంది

జిల్లాకో బాలల సంక్షేమ కమిటీ ఉంటుంది. అధ్యక్షులు కాక నలుగురు సభ్యులు, వాళ్లలో కనీసం ఒక మహిళ. ఏ ఆధారం లేని పిల్ల దొరికితే 24 గంటల్లో ఈ కమిటీ ముందు హాజరుపరచాలి. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేసినా, రైల్వే పోలీసులు తీసుకొచ్చినా, సచివాలయం వాళ్లు చెప్పినా చివరికి చేరేది అక్కడికే.

విజయవాడకు ఈ పని కొత్త కాదు. ఢిల్లీ, చెన్నై, హౌరా లైన్లు కలిసే జంక్షన్ కావడంతో ఇల్లు వదిలి రైలెక్కిన పిల్లలు ఎక్కడెక్కడినుంచో ఇక్కడ దిగుతుంటారు. 1989లో మొదలైన నవజీవన్ బాలభవన్ లాంటి సంస్థలు ఆ ప్లాట్‌ఫారం పిల్లలతోనే పని ప్రారంభించాయి. ఆరేళ్లలోపు పిల్లలకు శిశుగృహలు, ఆడపిల్లలకు బాలసదనాలు, ఇవి కాక స్వచ్ఛంద సంస్థల హోములు ఉన్నాయి. జనం వీటన్నిటినీ కలిపి ‘అనాథాశ్రమం’ అనేస్తారు. ఆ మాట ఎంత తప్పో ఇప్పుడు చూద్దాం.

ఒకే ఇంట్లో ముగ్గురు పిల్లలు: ఒక ఉదాహరణ

గుంటూరు మిర్చి యార్డు చుట్టుపక్కల మిరపకాయ తొడిమలు తీసే కూలికి వెళ్లే ఒక తల్లి ఉందనుకుందాం. భర్త వదిలేసి వెళ్లిపోయాడు. ముగ్గురు పిల్లలు. పెద్దమ్మాయికి 12, నడిపివాడికి 7, చంటిదానికి 9 నెలలు. తల్లికి జబ్బు ముదిరి నెలల తరబడి ఆస్పత్రిలో ఉండాల్సి వచ్చింది.

మొదట కమిటీ అడగాల్సింది, ‘మీవాళ్లెవరైనా ఉన్నారా?’ అమ్మమ్మ ఉంది, పెంచే మనసుంది, కానీ చేతిలో డబ్బు లేదు. అలాంటప్పుడు స్పాన్సర్‌షిప్ అనే ఏర్పాటు పనికొస్తుంది. మిషన్ వాత్సల్య అనే కేంద్ర పథకం కింద పిల్లకు నెలకు 4,000 రూపాయలు ఇస్తారు. పట్టణంలో కుటుంబ ఆదాయం ఏడాదికి 96,000 రూపాయలు, పల్లెలో 72,000 దాటకూడదు. పిల్లలు కదలనక్కర్లేదు, బడి మారక్కర్లేదు. ముగ్గురూ ఒకే చాప మీద పడుకుంటారు. కుదిరితే ఇంతకు మించింది లేదు.

అమ్మమ్మ లేదనుకుందాం. అప్పుడు చంటిది శిశుగృహకు, పెద్దమ్మాయి బాలసదనానికి, నడిపివాడు మగపిల్లల హోముకు వెళ్తారు. తోబుట్టువుల్ని కలిపి ఉంచడానికి ప్రయత్నించాలని చట్టం చెబుతుంది. కానీ భవనాలు వయసును బట్టి, ఆడామగా తేడాను బట్టి కట్టి ఉన్నాయి. జబ్బు అమ్మకు చేసింది, విడిపోయింది పిల్లలు. అప్పటిదాకా చంటిదాన్ని చంకనేసుకుని తిరిగిన పెద్దమ్మాయికి ఇప్పుడు చెల్లిని చూడాలంటే ఎవరో తీసుకెళ్లాలి.

ఫోస్టర్ కేర్ అక్కరకొచ్చేది ఇక్కడే. తెనాలిలోనో మంగళగిరిలోనో ఒక కుటుంబం పెద్దమ్మాయినీ నడిపివాణ్ణీ కలిపి తీసుకుంటామంది. మార్గదర్శకాల ప్రకారం ఇది ఆరేళ్లు దాటిన పిల్లల కోసమే కాబట్టి ఇద్దరూ వెళ్లొచ్చు. ఖర్చుకు ఒక్కొక్కరికి నెలకు 4,000 వస్తుంది. తల్లి కోలుకుంటుంటే ఆమె వచ్చి చూసి వెళ్లొచ్చు, తర్వాత తీసుకెళ్లొచ్చు. చంటిది మాత్రం శిశుగృహలోనే ఉంటుంది.

ఇంకా కష్టమైన మలుపు, తల్లి చనిపోయింది. బంధువుల కోసం వెతికించి, పేపర్లో ప్రకటన వేయించి, ఎవరూ రాలేదని తేలాక కమిటీ పిల్లల్ని దత్తతకు అర్హులుగా ప్రకటించవచ్చు. రెండేళ్లలోపు బిడ్డకు రెండు నెలల్లో, పెద్ద పిల్లలకు నాలుగు నెలల్లో ఈ పని పూర్తి చేయాలి. చంటిదాని కోసం దేశమంతా దంపతులు వరసలో ఉన్నారు. ముగ్గుర్నీ కలిపి తీసుకునేవాళ్లు దొరకడం చాలా కష్టం. మరి ముగ్గురినీ ఒక్కటిగా ఉంచాలని చంటిదాన్ని కూడా ఆపాలా? లేక ఒక్కరికైనా ఇల్లు దొరుకుతోందని పంపేయాలా? పంపితే పెద్దమ్మాయి దృష్టిలో ఏం జరిగింది? అమ్మ పోయింది, చెల్లిని ఎవరో కావాలన్నారు, తనను ఎవరూ అడగలేదు. కమిటీ సభ్యులకు నిద్రపట్టని కేసులు ఇలాంటివే. దీనికి సరైన జవాబు చట్టంలో వెతికితే దొరకదు.

వరసలో దంపతులు, హోముల్లో పిల్లలు: ఈ లెక్క ఎందుకు కలవదు

దత్తత కోసం నమోదు చేసుకుని ఎదురుచూస్తున్నవాళ్లు దేశంలో 30,000కు పైగా ఉన్నారు. ఆరోగ్యంగా ఉన్న చంటిబిడ్డ కోసం మూడేళ్లు దాటి ఆగాల్సి వస్తోంది. 2024-25లో కారా ద్వారా జరిగిన దత్తతలు 4,515. దాదాపు పన్నెండేళ్లలో అదే ఎక్కువ. మరోపక్క హోముల నిండా పిల్లలున్నారు. ‘నిబంధనలు సడలిస్తే సరిపోదా’ అని చాలామంది అడుగుతారు.

అసలు కారణం వేరు. హోముల్లో ఉన్న పిల్లల్లో చాలామంది అనాథలు కారు. తల్లో తండ్రో ఉంటారు. మళ్లీ పెళ్లి చేసుకున్న తల్లి, తాగుడుకు బానిసైన తండ్రి, జైల్లో ఉన్నవాళ్లు, ఊరూరూ తిరిగే వలస కూలీలు. ఏడాదికోసారి దసరాకో సంక్రాంతికో వచ్చి ఒక జత బట్టలు ఇచ్చి వెళ్తారు, కొందరు అదీ లేదు. ఎవరూ లేనివాళ్లయితే దత్తతకు వెళ్లొచ్చు. ‘ఉండీ లేనివాళ్లు’ ఉన్నప్పుడు ఆ దారి మూసుకుపోతుంది. కన్నవాళ్లు వదులుకుంటామని సంతకం పెట్టరు, తీసుకెళ్లరు. ఒకవేళ సంతకం పెట్టినా మనసు మార్చుకోవడానికి చట్టం రెండు నెలల గడువిస్తుంది, అది న్యాయమే.

2024 మార్గదర్శకాలు ముఖ్యంగా ఉద్దేశించింది ఈ పిల్లల్నే. ఎవరూ చూడడానికి రాని పిల్లలు, పెంచే స్థితిలో లేని తల్లిదండ్రుల పిల్లలు, వయసు పెరిగిపోయిందనో వైకల్యం ఉందనో ఎవరూ దత్తత తీసుకోని పిల్లలు. పెళ్లి కానివాళ్లు, భర్తో భార్యో పోయినవాళ్లు, విడాకులు తీసుకున్నవాళ్లు కూడా ఫోస్టర్ పేరెంట్ కావచ్చు. ఒంటరి మహిళ ఆడపిల్లనైనా మగపిల్లాడినైనా తీసుకోవచ్చు, ఒంటరి పురుషుడు మగపిల్లాణ్ణి మాత్రమే. దంపతులైతే పెళ్లయి కనీసం రెండేళ్లు కాపురం సాఫీగా సాగి ఉండాలి.

దీని పక్కనే చట్టంలో ఇంకో వాక్యముంది. దత్తతకు అర్హత ఉందని కమిటీ భావించిన పిల్లల్ని దీర్ఘకాలం ఫోస్టర్ కేర్‌కు ఇవ్వకూడదు. వినడానికి ఎదురు మాటలా ఉంటుంది గానీ కారణముంది. శాశ్వతమైన ఇల్లు దొరికే అవకాశం ఉన్న బిడ్డను తాత్కాలికమైన చోట ఆపేయకూడదని. దత్తత వరసను తప్పించుకోవడానికి ఫోస్టర్ కేర్‌ను అడ్డదారిగా వాడకూడదని కూడా.

‘నేను అక్కర్లేదు’ అన్న భావన ఎక్కడ మొదలవుతుంది

బ్రిటిష్ మానసిక వైద్యుడు జాన్ బౌల్బీ ప్రపంచ ఆరోగ్య సంస్థ కోసం 1951లో ఒక నివేదిక రాశాడు. తిండీ బట్టా ఉన్నా, తనదని నమ్మే ఒక మనిషి లేకపోతే పసిబిడ్డ మనసు దెబ్బతింటుందన్నది దాని సారాంశం. తర్వాత 2000 ప్రాంతంలో రొమేనియా రాజధాని బుఖారెస్ట్‌లో అమెరికన్ పరిశోధకులు 136 మంది హోము పిల్లల మీద అధ్యయనం మొదలుపెట్టారు. సగంమందిని కుటుంబాల్లో ఫోస్టర్ కేర్‌కు పంపారు. రెండేళ్ల వయసు దాటకముందే కుటుంబంలోకి వెళ్లిన పిల్లలు మనుషులతో అల్లుకుపోవడంలో, తెలివితేటల్లో బాగా కోలుకున్నారు. ఆలస్యంగా వెళ్లినవాళ్లు కోలుకున్నది తక్కువ. మన మార్గదర్శకాలు ఫోస్టర్ కేర్‌ను ఆరేళ్లు దాటినవాళ్లకే పరిమితం చేశాయని గుర్తుంటే, మనం ఎంత ఆలస్యంగా మొదలుపెడుతున్నామో అర్థమవుతుంది. చంటిపిల్లలకు దత్తత ఉందిగా అని దానికి జవాబు చెబుతారు. ‘ఉండీ లేనివాళ్ల’ చంటిపిల్లలకు అది కూడా లేదు.

పరిశోధనల మాట అలా ఉంచి, ఇది రోజువారీ జీవితంలో ఎలా ఉంటుందో నాకు చెప్పింది ఆటోనగర్‌లో లేత్ మెషీన్ మీద పనిచేసే ఒకాయన. ఐదేళ్ల వయసులో దూరపు బంధువుల ఇంటికి వచ్చాడు. వాళ్లు కొట్టలేదు, తిట్టలేదు, బడికి పంపారు. ‘మారు అన్నం ఎప్పుడూ అడగలేదండీ’ అన్నాడు. ఆ ఇంటి పిల్లలు కంచం ముందుకు తోసి ‘ఇంకొంచెం’ అనేవాళ్లు. ఈయన మాత్రం మొదట పెట్టిందే తిని లేచేవాడు. ఎవరూ వద్దన్నది లేదు. వద్దంటారేమో అని భయం. ‘అడిగి లేదనిపించుకుంటే, నేను ఈ ఇంటివాణ్ణి కాదని తేలిపోతుంది కదా. అడక్కపోతే తేలదు.’

అసలు చిక్కంతా ఈ మాటలోనే ఉంది. అక్కర్లేదని ఎవరో నోటితో చెబితేనే పిల్లలు నమ్ముతారని మనం అనుకుంటాం. చెప్పనక్కర్లేదు. సంశయం ఒక్కటి చాలు. కొందరు పిల్లలు ఈయనలా అతి మంచివాళ్లయిపోతారు. చెప్పకముందే గిన్నెలు తోముతారు, జ్వరం వచ్చినా చెప్పరు. ఇంకొందరు సరిగ్గా దీనికి ఎదురు. కొత్త ఇంటికి వచ్చిన నెలలోనే డబ్బు తీస్తారు, అబద్ధాలాడతారు, వస్తువులు పగలగొడతారు. ‘ఇంత చేసినా ఉంచుకుంటారా’ అని వాళ్లు వేస్తున్న ప్రశ్న అది. పెంచేవాళ్లకు ముందే ఈ సంగతి చెప్పకపోతే మూడో నెలలో ‘మా వల్ల కాదు’ అని తెచ్చి అప్పగిస్తారు. పిల్లాడికి తన ప్రశ్నకు జవాబు దొరికినట్టే. తర్వాతి ఇంట్లో ఇంకా గట్టిగా అడుగుతాడు. 2022లో సుమారు 3 లక్షల 68 వేల మంది పిల్లలు ఫోస్టర్ కేర్‌లో ఉన్న అమెరికాలో ఒక ఇంటినుంచి ఇంకో ఇంటికి మారుతూ పెరగడం పెద్ద సమస్య. అక్కడ వీళ్లలో ఎక్కువమంది అనాథాశ్రమాల్లో లేరు, ఇళ్లలోనే ఉన్నారు. ఇల్లు ఉండడం, ఇంటివాడు కావడం ఒకటి కావని ఆ అనుభవం చెబుతోంది.

నెలకు 4,000 రూపాయల విషయం కూడా ఇక్కడే చెప్పాలి. ఆ డబ్బు లేకపోతే మధ్యతరగతి, పేద కుటుంబాలు ముందుకు రాలేవు. ఉంటే, ఏదో ఒక రోజు కోపంలో ‘నీకోసం ఇచ్చే డబ్బు నీ ఫీజులకే చాలట్లేదు’ అనే మాట వస్తుంది. డబ్బు కోసమే తనను ఉంచుకున్నారని పిల్ల ఆ రోజు నిర్ణయించుకుంటుంది. డబ్బు ఇవ్వడం తప్పని నేననను. అది పిల్లకు ఎలా చెప్పాలో పెంచేవాళ్లకు ఎవరో ఒకరు నేర్పాలి.

రెండేళ్లా, ఐదేళ్లా: వాదన ఎక్కడుంది

ఫోస్టర్ కేర్‌లో ఉన్న పిల్లను ఆ కుటుంబమే దత్తత తీసుకోవాలంటే ఒకప్పుడు ఐదేళ్లు ఆగాలి. ఇప్పుడు రెండేళ్లు చాలు. టీ కొట్టులో విన్న ‘రెండేళ్లు పెంచితే మన పిల్లలే’ అన్న మాట పుట్టింది ఇక్కడినుంచే. కానీ రెండేళ్లు నిండగానే అదంతటదే జరిగిపోదు. పిల్ల దత్తతకు చట్టప్రకారం అర్హురాలై ఉండాలి, తన ఇష్టం తెలుసుకోవాలి, దత్తత ప్రక్రియ మామూలుగానే నడవాలి.

తగ్గించడం మంచిదనేవాళ్ల వాదన బలమైనదే. పదేళ్ల పిల్లకు ఐదేళ్లంటే సగం జీవితం. అన్నేళ్లు ‘చూద్దాంలే’ అని వేలాడదీస్తే తను ఎక్కడా వేళ్లూనదు. అమెరికాలో 1997లో తెచ్చిన చట్టం ప్రకారం, గత 22 నెలల్లో 15 నెలలు పిల్ల ఫోస్టర్ కేర్‌లో ఉంటే కన్నవాళ్ల హక్కు తొలగించే పిటిషన్ ప్రభుత్వమే వేయాలి, కొన్ని మినహాయింపులతో. పిల్లల కాలం పెద్దల కాలం కంటే వేగంగా నడుస్తుందన్నది దాని వెనక ఉన్న ఆలోచన.

దీనికి అభ్యంతరం చెప్పేవాళ్లు పేద తల్లి వైపునుంచి మాట్లాడతారు. మన ఉదాహరణలోని మిర్చి యార్డు తల్లి కోలుకుని, అప్పులు తీర్చి, ఒక గది అద్దెకు తీసుకునేసరికి రెండేళ్లు ఇట్టే గడుస్తాయి. ఆలోపు పిల్లలు ఏసీ గదికి, ఇంగ్లిష్ మీడియానికి అలవాటుపడి ఉంటారు. పేదరికాన్నే పిల్లల్ని సాకలేనితనంగా లెక్కగట్టి వాళ్లను ఉన్నవాళ్ల ఇళ్లకు మార్చే దారి ఇది అవుతుందేమోనని వాళ్ల భయం. ఆ 4,000 ఏదో ముందు తల్లికే ఇస్తే పిల్లలు కదలరు కదా అని అడుగుతారు.

నాకు ఈ రెండో ప్రశ్నకే ముందు జవాబు చెప్పాలనిపిస్తుంది. తల్లి బతికి ఉండి, పిల్లల కోసం తపిస్తుంటే గడువులు లెక్కపెట్టడం అన్యాయం. కానీ మూడేళ్లుగా ఒక్కసారి కూడా చూడడానికి రాని తండ్రి ‘హక్కు’ కోసం పిల్లను హోములోనే ఉంచడం కూడా అంతే అన్యాయం. రెండు కేసులూ ఒకే కాలమ్‌లో నింపే ఫారాలు మనకున్నాయి. తేడా తెలుసుకోవాలంటే ఇంటింటికీ వెళ్లి చూసే సిబ్బంది కావాలి.

మూడో వాదన హోములు నడిపేవాళ్లది. మంచి హోములో పదేళ్లుగా ఉన్న పిల్లలకు అక్కడి పిల్లలే అన్నదమ్ములు, వార్డెనమ్మే పెద్దమ్మ. వాళ్లను విడదీసి తెలియని ఇంట్లో ఒంటరిగా దింపడం మేలా అని అడుగుతారు. అందుకే చట్టంలో గ్రూప్ ఫోస్టర్ కేర్ అనే ఏర్పాటు కూడా ఉంది. ఎనిమిది మందికి మించకుండా పిల్లలు ఒక ఇంట్లో పెద్దల సంరక్షణలో పెరుగుతారు.

ఇంటిపేరు ఒక అక్షరం కాదు

మన దగ్గర ఎవరైనా పరిచయం కాగానే అడిగేది ఇంటిపేరు. తర్వాత ఊరు. తర్వాత ‘ఫలానావాళ్లు మీకేమవుతారు?’ కర్ణుణ్ణి రాధ కడుపున పుట్టిన బిడ్డలాగే పెంచింది, రాధేయుడన్న పేరూ వచ్చింది. అయినా విద్యా ప్రదర్శన రోజు సభలో అందరిముందూ కృపాచార్యుడు అడిగింది నీ వంశమేదని.

ఈ విషయం 2022లో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది, అది కూడా తెలుగు కుటుంబం నుంచే. భర్త చనిపోయాక ఒకావిడ మళ్లీ పెళ్లి చేసుకుంది. బిడ్డకు ఏ ఇంటిపేరు ఉండాలన్నది పోయిన భర్త తల్లిదండ్రులతో వివాదమైంది. పాత ఇంటిపేరే ఉంచాలని, రికార్డుల్లో ప్రస్తుత భర్తను సవతి తండ్రిగా రాయాలని హైకోర్టు చెప్పింది. సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. రికార్డుల్లో అలా రాయించడం దాదాపు క్రూరత్వమని, అది బిడ్డ ఆత్మగౌరవాన్ని దెబ్బతీస్తుందని అంది. ఇంటిపేరు వంశాన్ని సూచించడమే కాదు, ఆ కుటుంబంలో తానొకణ్ణన్న భావన బిడ్డకు ఇస్తుందని వివరించింది.

ఫోస్టర్ కేర్ పిల్లలకు ఆ ఊరట లేదు, ఉండే వీలూ లేదు. వాళ్లు పెరిగే ఇంటి పేరు ఒకటి, హాజరు పట్టీలో పేరు ఇంకొకటి. పథకాల కోసం సచివాలయంలో ఇంటివారీగా చేసే మ్యాపింగ్ నుంచి బస్ పాస్ దరఖాస్తు దాకా ప్రతి చోటా ‘ఇతను మీకేమవుతాడు?’ అనే ప్రశ్న వస్తుంది. కౌంటర్ దగ్గర పెద్దలు తడబడే ఆ ఒక్క క్షణం పిల్లాడు వాళ్ల మొహాల్నే చూస్తుంటాడు.

18 నిండాక

18 నిండితే చట్టం దృష్టిలో పిల్లలు కారు. హోమైనా ఫోస్టర్ ఇల్లయినా అక్కడితో ముగుస్తుంది. దాని తర్వాత ఆఫ్టర్ కేర్ అని ఒక ఏర్పాటుంది. 21 ఏళ్లు వచ్చేదాకా, ప్రత్యేక పరిస్థితుల్లో 23 దాకా, చదువుకో పని నేర్చుకోవడానికో నెలకు 4,000 సాయం ఇవ్వొచ్చు. ఇంగ్లండ్‌లో 2014 నుంచి, ఇద్దరికీ ఇష్టమైతే ఫోస్టర్ ఇంట్లోనే 21 ఏళ్ల దాకా ఉండే వీలు కల్పించారు. ఆ వయసులో కావాల్సింది డబ్బు ఒక్కటే కాదని వాళ్లకు తెలిసొచ్చింది.

మనవాళ్లలో 18 ఏళ్లకు ఇల్లు వదిలి సొంతంగా బతికే పిల్లలు ఎంతమంది? ఉద్యోగం వచ్చినా, పెళ్లయినా, పురుడు వచ్చినా పుట్టింటి మీదే ఆధారపడే సమాజం మనది. హాస్టల్ ఫారంలో గార్డియన్ సంతకం, గది అద్దెకిచ్చేవాళ్ల ‘మీ పెద్దవాళ్లను తీసుకురండి’, పెళ్లి సంబంధంలో ‘అమ్మాయి తరఫు మాట్లాడేదెవరు’, అన్నీ ఆ పిల్లను మళ్లీ మొదటికి తెస్తాయి. సంక్రాంతికి నెహ్రూ బస్టాండ్‌లో కాలు పెట్టే చోటుండదు. అందరూ ఊరెళ్తారు. హాస్టల్ మెస్ మూసేస్తారు. వెళ్లడానికి ఊరు లేని 19 ఏళ్ల అమ్మాయి ఆ మూడు రోజులూ ఎక్కడుండాలన్నది ఏ పథకంలోనూ రాసి లేదు. పెద్దయ్యాక కూడా ‘పండక్కి వస్తున్నావా’ అని ఫోన్ చేసే ఫోస్టర్ తల్లులున్నారు, హోము వార్డెన్లున్నారు. వాళ్లను ఆ పని చేయమని ఎవరూ చెప్పలేదు.

ఆటోనగర్ ఆయనకు ఇప్పుడు నలభై దాటాయి. వేరే కాపురం, ఇద్దరు పిల్లలు. కొన్నేళ్ల క్రితం ఆయన్ను పెంచిన అత్తయ్య పోయింది. కబురు తెలిసి వెళ్లి, ఏ పని చెబితే ఆ పని చేస్తూ షామియానా దగ్గరే నిలబడ్డాడట, లోపలికి వెళ్లాలో లేదో తెలియక. నాలుగో రోజు పెద్దకర్మ కార్డులు అచ్చయి వచ్చాయి. పంచమని ఒక కట్ట ఈయన చేతికిచ్చారు. స్కూటర్ మీద రెండు వీధులు పంచాక, పేరు సరిగ్గా పడిందో లేదో చూద్దామని ఒకటి విప్పాడు. కుమారులు అన్న మాట కింద మూడు పేర్లున్నాయి. అత్తయ్యకు పుట్టింది ఇద్దరు.

‘ముందే చెప్పి ఉంటే ఇన్నేళ్లు ఇలా ఉండేవాణ్ణి కాదు గదండీ’ అన్నాడు. ఆ కార్డు ఒకటి ప్లాస్టిక్ కవర్లో పెట్టి, పిల్లల సర్టిఫికెట్ల ఫైల్లో దాచుకున్నాడు.